అమ్మ కుర్చీలో అధ్యక్షుడు

వాషింగ్టన్,
ఆగస్టు మొదటి వారం

ప్రియమైన అన్నయ్యకు,

నువ్వూ ఆగ్నెస్ వదినా కులాసాగా ఉన్నారని తలుస్తాను. సభకు సెలవులిచ్చాక నువ్వు ఊరికి రైలెక్కేలోపు ఒకసారి కలుద్దామనుకున్నాను, కుదరలేదు. నిజం చెప్పాలంటే కుదిరినా కలిసేదాన్ని కాదేమో. ప్రెసిడెంటుగారి బిల్లును కమిటీలో తొక్కిపెట్టిన ఐనార్ స్కోగెన్ నాకు తోడబుట్టినవాడని శ్వేతసౌధంలో ఎవరికీ తెలియదు. ఇక్కడ నేను బోనీ హేల్‌ని. మా ఆయన పోయినా ఆయన ఇంటిపేరు నాకింకా అన్నం పెడుతోంది.

నా ఉద్యోగమేమిటని వదిన అడిగిందట కదా. ప్రెసిడెంటుగారు టీవీలో మనిషిలా కనబడేట్టు చూడడం నా ఉద్యోగం. వినడానికి తేలిగ్గా ఉంటుంది. ఆ పెద్ద బల్ల వెనక కూర్చుంటే ఆయన అప్పు ఇవ్వనని చెప్పే బ్యాంకు మేనేజరులా ఉంటాడు. నిలబెడితే అంత్యక్రియలకు వచ్చినవాడిలా ఉంటాడు. రేడియో నాటకాల్లో పదేళ్ళు వేషాలు కట్టినదాన్ని కాబట్టి ఒక్కటి చెప్పాను: "అయ్యా, బల్ల తీసేయండి. వంటింట్లో కూర్చుని పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడండి." ఆయనకది నచ్చింది. ఇక వంటింటి కుర్చీ కావాలి. కొట్లో కొన్నవి కొట్లో కొన్నట్టే కనబడుతున్నాయి. నాలుగు తెచ్చి చూశాం, నాలుగూ అబద్ధాలే.

మీ వంటింట్లో కిటికీ కింద అమ్మ కుర్చీ ఉంది కదా. దాన్ని రైల్లో పంపించు. కొన్నాళ్ళు వాడుకుని తిప్పి పంపేస్తాను. నీకు పార్టీలో మాటొచ్చే పనేం కాదు, ఆయన దానిమీద ఊరికే కూర్చుంటాడు, అంతే.

నీ చెల్లెలు,
బోనీ

•

నోర్‌డాల్, మిన్నెసోటా,
ఆగస్టు నెల మధ్య

చెల్లాయి బోర్గిల్డ్‌కు,

నీకు ఆ రెండో పేరు ఎవరు పెట్టారో గాని, ఈ ఇంట్లో అది చెల్లదు.

కుర్చీ నిన్న రైలెక్కించాను. మీ వదినకు ఇష్టం లేదు. "అత్తయ్య కుర్చీ ఆ మనిషి కూర్చోడానికా?" అని రెండుపూటలా సణిగింది. నేనే సర్దిచెప్పాను. ఆయన నా పార్టీవాడే, నా శత్రువు కాడు. ఆ బిల్లొక్కటే నాకు గొంతు దిగలేదు. చలికాలంలో ఏ జిల్లాకు సాయం అందాలో, ఎంత అందాలో, సభనడగకుండా ఆయనొక్కడే తేల్చేస్తాడట. మంచివాడే కావచ్చు, కానీ ఆయన తర్వాత వచ్చేవాడి సంగతేమిటి?

మునుపు ఇలాంటి బిల్లు కావాలంటే ఏ ప్రెసిడెంటైనా మమ్మల్ని ఫలహారానికి పిలిచేవాడు. గుడ్లూ మాంసమూ వడ్డించి, "ఐనార్, నీకేం కావాలి?" అని నేరుగా అడిగేవాడు. నేను నేరుగా చెప్పేవాణ్ణి. బేరం కుదిరేది. ఈయన ఫలహారం పెట్టడం మానేశాడు. మా నియోజకవర్గం వాళ్ళకు టీవీలో వడ్డిస్తున్నాడు.

నవంబరులో ఎన్నిక ఉందని నీకు తెలుసు. నామీద స్వతంత్రుడిగా నిలబడింది డ్వేన్ లుడ్‌కే. మెయిన్ రోడ్డు మీద కుర్చీలూ మంచాలూ అమ్ముతాడు చూడు, ఇప్పుడు టీవీలు కూడా అమ్ముతున్నాడు. అతని విధానమేమిటని అడిగితే "ప్రెసిడెంటుగారు ఎలా చెబితే అలా" అంటున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. ఇరవై ఏళ్ళుగా నిలుపుకున్న సీటు, ఈసారి కాస్త బెదురుగా ఉంది. ఆ మాట మీ వదినకు రాయకు.

కుర్చీ ఎడమవైపు వెనక కాలు పొట్టి. నాన్న దానికింద కాగితం మడిచి పెట్టేవాడు, నువ్వూ అలాగే చెయ్యి. ఇంకో మాట. అది ఎక్కడిదో, ఎందుకు మిగిలిందో అక్కడెవరికీ చెప్పకు. నాన్న మాట గుర్తుందిగా: "మనం చేసినది మనం చెప్పుకుంటే అది లెక్కలోకి రాదు." ఏటా చర్చి విందులో ఆ కథ చెబుతానే, ఎన్నడూ పేరు పెట్టి చెప్పలేదు. "ఈ ఊళ్ళో ఒక మనిషి ఉండేవాడు" అని మొదలుపెట్టి అక్కడితో ఆపుతాను.

ఐనార్

•

వాషింగ్టన్,
సెప్టెంబరు చివర

ప్రియమైన అన్నయ్యకు,

కుర్చీ అందింది. స్టూడియోవాళ్ళు దానిచుట్టూ పెళ్ళికూతురి చుట్టూ తిరిగినట్టు తిరిగారు. చిన్న చిన్న మార్పులు చేశారు, కోప్పడకు. గోధుమరంగు తెరమీద నల్లగా పడుతోందని లేతనీలం వేశారు. ఆ నీలం రంగు తెరమీద తెల్లగా కనిపిస్తుందట. ప్రెసిడెంటుగారి మోకాళ్ళు గడ్డం దాకా వస్తాయనుకుంటే, నిజానికి పాదాలు నేలకందక వేలాడుతున్నాయి. అందుకని కాళ్ళు కోసి సమం చేశారు. ఇప్పుడది ఊగదు. కాగితం మడిచే బాధ తప్పింది.

నువ్వు చెప్పొద్దన్నావు, నిజమే. కానీ ఆయన కూర్చుని, చేత్తో నిమిరి, "ఇది ఎవరిది, బోనీ?" అన్నాడు. అబద్ధం చెప్పలేకపోయాను. మంచు తుఫాను సంగతి, బడిలో చిక్కుకున్న జనం సంగతి, నాన్న మన కుర్చీలు పొయ్యిలో వేసిన సంగతి, అమ్మకు ఇదొక్కటే మిగిలిన సంగతి, అంతా చెప్పాను. క్లుప్తంగానే చెప్పానులే. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ చెమ్మ కెమెరాలో ఎంత బాగుంటుందోనని నాకు అప్పుడే తోచింది. ఈ ఉద్యోగం మనిషిని ఇలా తయారుచేస్తుంది.

వచ్చే ఆదివారం సాయంత్రం ఆయన మాట్లాడుతున్నాడు. వీలైతే చూడు. ఎందుకంటే... ఊరికేలే, చూడు.

నీ చెల్లెలు,
బోనీ

•

నోర్‌డాల్,
అక్టోబరు మొదట్లో

బోర్గిల్డ్,

చూశాను. మా ఇంట్లో టీవీ లేదు కాబట్టి లుడ్‌కే కొట్టులోనే చూశాను. ఊరంతా అక్కడే ఉంది. నా ప్రత్యర్థి నాకు మడతకుర్చీ వేసి, కాఫీ ఇచ్చి మర్యాద చేశాడు.

ప్రెసిడెంటు అమ్మ కుర్చీలో కూర్చున్నాడు. మీ వదిన నా చెయ్యి గిల్లింది, రంగు మారినా కుర్చీ వెనక చెక్క చూసి గుర్తుపట్టింది. "ఈ కుర్చీ మా ఇంటిది," అని మొదలుపెట్టాడాయన. "మా నాన్న చిన్న ఊళ్ళో పెద్దమనిషి. ఒక చలికాలం మంచు తుఫానులో జనం బడిలో చిక్కుకుపోయారు. బొగ్గు అయిపోయింది. మా నాన్న ఏ కమిటీ కోసమూ ఆగలేదు. ఎవరినీ ఓటు అడగలేదు. గొడ్డలి తీసుకుని మా ఇంటి కుర్చీలు తనే పగలగొట్టాడు. మా అమ్మకని ఇదొక్కటి ఉంచాడు. నాకూ అంతపాటి అధికారమే కావాలి."

కొట్టులో ఆడవాళ్ళు ఏడ్చారు. మగవాళ్ళు టోపీలు తీశారు. నేను కాఫీ తాగడం మరిచిపోయాను.

నీకప్పుడు ఐదేళ్ళు, అందుకని మరిచిపోయావనుకుంటాను. అసలు జరిగింది మళ్ళీ చెబుతాను, విను. బొగ్గు అయిపోయాక బడి బల్లలు పగలగొట్టొచ్చు. కానీ బల్లలు ఊరివి. "ఊరి సొత్తును నేనొక్కణ్ణి కాల్చలేను, సభ పెట్టాల్సిందే" అన్నాడు నాన్న. అంత చలిలో, చేతులు చంకల్లో పెట్టుకుని సభ పెట్టారు. నీకు తెలుసుగా మనవాళ్ళు, ఒకడు లేచి కొత్త బల్లలకు డబ్బెవరిస్తారంటాడు, ఇంకొకడు ముందు పాత బాకీల సంగతి తేలాలంటాడు. వాళ్ళ వాదన తెమిలేదాకా పొయ్యి ఆరిపోకూడదని నాన్న పక్కనే ఉన్న మనింటినుంచి కుర్చీలు ఒక్కొక్కటే తెచ్చి వేశాడు. చివరికి చేతులెత్తారు. బల్లలు కాల్చొచ్చని తీర్మానం నెగ్గింది. అప్పటికి ఒక్క కుర్చీ మిగిలింది. అది అమ్మకోసం ఉంచిందీ కాదు, ఇంకోటీ కాదు. ఓటు పడింది కాబట్టి మిగిలింది.

ప్రెసిడెంటు నన్ను దాటి నేరుగా మా వంటింట్లోకి వచ్చి మన కుర్చీలోనే కూర్చున్నాడు. ఇప్పుడు నాకు రోజూ ఉత్తరాలు. "ప్రెసిడెంటుగారి నాన్నను చూసి నేర్చుకో" అని రాస్తున్నారు. మన నాన్న మాట వినమని ఊరివాళ్ళు నాకు బుద్ధి చెబుతున్నారు, బోర్గిల్డ్. దీనికి నవ్వాలో ఏడవాలో మీ వదినకు తెలియలేదు, నాకూ తెలియలేదు.

నాకు ఒక్క సాయం చెయ్యి. మన జిల్లా పత్రికకు నాలుగు ముక్కలు రాయి. ఆ కుర్చీ నోర్‌డాల్ వంటింటిదని, ఆ మనిషి మన నాన్న టోర్కెల్ స్కోగెన్ అని, ఆయన ఓటు అడిగాడని. నీ పేరుతో రాయి, చాలు.

ఐనార్

•

వాషింగ్టన్,
అక్టోబరు మధ్య

ప్రియమైన అన్నయ్యకు,

నువ్వు అరుస్తావనుకున్నాను. అరవకుండా రాశావు, అదే నాకు ఎక్కువ తగిలింది.

నేను మరిచిపోలేదు. సభ పెట్టారని నాకు తెలుసు. ప్రెసిడెంటుగారికీ చెప్పాను. కానీ అన్నయ్యా, సభ తెరమీద ఏం బాగుంటుంది? కోట్లు వేసుకున్న ముసలాళ్ళు చేతులెత్తుతుంటే ఎవరు చూస్తారు? గొడ్డలి పట్టిన ఒక్క మనిషైతే కళ్ళకు కడతాడు. ఉపన్యాసం రాసే కుర్రవాళ్ళు సభను కొట్టేశారు. తర్వాత "ఒక మనిషి" అన్నది "మా నాన్న" అయింది. నేను కాదనబోతే, "బోనీ, జనానికి ఆయన ఎవరి నాన్నయితేనేం?" అన్నారు. తలూపాను. జవాబు ఇప్పుడు తోస్తోంది.

ప్రెసిడెంటుగారి నాన్న బీమా కంపెనీ యజమాని. మనుషులు పోతారని భయపెట్టి ఆస్తి సంపాదించాడు. గొడ్డలి పట్టిన పాపాన పోలేదు. కానీ మొన్న ప్రెసిడెంటుగారు నన్ను పిలిచి ఆ కథంతా నాకే చెప్పాడు. కొత్తగా ఒక కుక్క కూడా వచ్చి చేరింది, అది పొయ్యి పక్కన పడుకుని ఉందట. అబద్ధమాడుతున్నవాడి మొహం కాదది. చివర్లో నావైపు జాలిగా చూసి, "మీ నాన్న కూడా ఇలాంటిదేమైనా చేశాడా, బోనీ?" అన్నాడు. నేను లేదన్నాను.

పత్రికకు రాస్తే నా ఉద్యోగం పోతుంది, అది సరే. ఆయన పరువు పోతుంది, దానికంటే ముందు నిన్ను పిచ్చివాడంటారు. ఇంకో దారి చూశాను. నువ్వొకసారి ఇక్కడికి రా. ఆయన పక్కన నిలబడి ఆ బిల్లుకు ఒప్పుకుంటున్నానని అను. ఆయన నీ భుజం మీద చెయ్యేస్తాడు. కెమెరా దగ్గరుండి నేనే చూసుకుంటాను. ఆ చెయ్యి పడితే నీ సీటు నీదే. లుడ్‌కే కొట్టులోనే నిన్ను చూస్తారు.

బోనీ

•

నోర్‌డాల్,
అక్టోబరు చివర

బోర్గిల్డ్,

ఆ చెయ్యి నాకు వద్దు. మిగతా సంగతి చెబుతాను.

నిన్న చర్చి నేలమాళిగలో శరత్కాలపు విందు. ఎప్పటిలాగే క్షారపు నీళ్ళలో నానబెట్టి వండిన ఎండుచేప, బంగాళాదుంప రొట్టె, వెన్న. ఎప్పటిలాగే నన్ను మాట్లాడమన్నారు. లేచి నిలబడ్డాను. "ఈ ఊళ్ళో ఒక మనిషి ఉండేవాడు" అనబోయి ఆగాను. నాన్న మాట జీవితంలో మొదటిసారి దాటాను. "ఆ మనిషి మా నాన్న. ఆ కుర్చీ మా అమ్మది. ఆయన ఓటు అడిగాడు" అన్నాను.

ఎవరూ నామీద లేవలేదు, తిట్టలేదు. మనవాళ్ళు ఎప్పుడు తిట్టారు గనక? అందరూ కంచాల్లోకి చూశారు. నా తరఫున వాళ్ళే సిగ్గుపడ్డారు. పాస్టరు వచ్చి చెవిలో, "ఎన్నికల ఒత్తిడి ఎవరికైనా ఉంటుంది, ఐనార్. కానీ ప్రెసిడెంటుగారి తండ్రిని ఎత్తుకెళ్ళడం బాగాలేదు" అన్నాడు.

ఆనాడు బడిలో ఉన్నవాళ్ళలో ఇప్పుడు ఊళ్ళో మిగిలింది గుద్రున్ ముసలమ్మ ఒక్కతే. మన ఈడువాళ్ళు కొందరు యుద్ధంలో పోయారు, తక్కినవాళ్ళు నగరాలకు పోయారు. ఆమె దగ్గరికి వెళ్ళి, "పెద్దమ్మా, మీరున్నారుగా అక్కడ. చెప్పండి" అన్నాను.

"ఉన్నాను నాయనా, ఎందుకు లేను," అంది. "మీ నాన్న కూడా ఉన్నట్టే గుర్తు. ప్రెసిడెంటు అప్పుడు ఇంతవాడు. పొయ్యి పక్కన బుద్ధిగా కూర్చున్నాడు, పాపం, నోట్లో నాలుక లేని పిల్లాడు. కుక్క కూడా ఉంది."

పొయ్యి పక్కన కూర్చున్నది నేను. నాకు నలభై ఏళ్ళుగా ఆమె తెలుసు.

నాన్న మనల్ని చెప్పుకోవద్దన్నాడు. మనం చెప్పుకోలేదు. ఎవరూ చెప్పుకోని కథ ఖాళీ ఇల్లులాంటిదని, ఎవరొస్తే వాళ్ళది అవుతుందని ఆయనకు తెలియదు. ఇప్పుడు నీ మాట ఒక్కటే మిగిలింది. ఓడిపోతే పోతాను, సీటుదేముంది, పాలకేంద్రంలో లెక్కలు రాసుకుంటాను. నాన్నను అబద్ధానికి సాక్ష్యంగా నిలబెట్టి ఓడించడం మాత్రం ఓర్చుకోలేకపోతున్నాను. మంగళవారం ఎన్నిక. శనివారం పత్రిక వస్తుంది. రాయి.

ఐనార్

•

వాషింగ్టన్,
నవంబరు నెల మధ్య

అన్నయ్యా,

రాయలేదు. కారణాలు చాలా ఉన్నాయి, ఒక్కటీ నీకు పనికొచ్చేది కాదు. శనివారం పొద్దున ఇక్కడే ఉన్నాను. దీపాలు సర్దుతున్నాను.

నువ్వు ఓడిపోయినట్టు బుధవారం తెలిసింది. ఆఫీసులో కేకు కోశారు. నాకూ ఒక ముక్క ఇచ్చారు, తిన్నాను. మిన్నెసోటాలో ఆ బిల్లుకు అడ్డుపడినవాడు ఓడిపోయాడని ప్రెసిడెంటుగారికి ఎవరో చెప్పారు. ఆయన కాసేపు ఆలోచించి, "ఎవరతను?" అన్నాడు. నటన కాదన్నయ్యా. నీ పేరు ఆయనెప్పుడూ వినలేదు. మునుపటివాళ్ళకు నిన్ను తిట్టడానికైనా నీ పేరు తెలిసుండేది.

కుర్చీ తిరిగి పంపడం ఇక నా చేతిలో లేదు. జాతీయ ప్రదర్శనశాలవాళ్ళు అడిగారు. చుట్టూ తాడు కట్టి, ప్రెసిడెంటుగారి తండ్రి ఇంటి కుర్చీ అని ఫలకం పెడతారట.

ఒక చిన్న డబ్బా పంపుతున్నాను. కాళ్ళు కోసిన రోజు కింద పడ్డ నాలుగు ముక్కలూ ఏరి నా డ్రాయరులో దాచాను. ఎందుకు దాచానో నాకు తెలియదు. వాటికి నీలం అంటలేదు, పాత గోధుమరంగే ఉంది. కుర్చీలో నిజంగా మనది అనదగ్గది అంతే మిగిలింది.

నన్ను క్షమించమని అడగను. వదినకు నేను ఈ ఉత్తరం రాశానని చెప్పకు.

బోర్గిల్డ్

•

నోర్‌డాల్,
జనవరి చివర

చెల్లాయి బోర్గిల్డ్‌కు,

నీ డబ్బా క్రిస్మస్ ముందే అందింది. వెంటనే జవాబు రాయలేదు, రాస్తే మంచిమాట వచ్చేది కాదు. ఇప్పుడు వస్తుంది.

బిల్లు నెగ్గింది కదా. లుడ్‌కే సభలో మొదటి ఓటు దానికే వేశాడు. సరిగ్గా ఆ వారమే మాకు మంచు విరుచుకుపడింది. కరెంటు పోయింది, రోడ్లు మూసుకుపోయాయి, మళ్ళీ అందరం బడిలో చేరాం. సాయం కోసం వాషింగ్టన్‌కు ఫోను చేశారు. ప్రెసిడెంటుగారు మా గురించి ఆలోచిస్తున్నారని, త్వరలో స్వయంగా నిర్ణయిస్తారని జవాబొచ్చింది. జనానికి ఎంత ఊరటో చెప్పలేను. మునుపు నేనైతే ఎవరినైనా తిట్టి ఒక బండి బొగ్గు పంపించేవాణ్ణి. ఈసారి బొగ్గు రాలేదు గాని, ఆయన మనసులో ఉన్నాం.

సాయంత్రానికి పొయ్యి ఆరబోయింది. బడిలో వరసగా నీలం కుర్చీలున్నాయి. ప్రెసిడెంటు కుర్చీలని లుడ్‌కే తెప్పించి అమ్ముతున్నవి, జిల్లా అంతా అవే. వాటిని పొయ్యిలో వేద్దామన్నాను. అందరూ నన్ను హంతకుడిని చూసినట్టు చూశారు. "సరే, సభ పెడదాం, ఓటు వేద్దాం" అన్నాను. పెట్టారు. ఒకడు లేచి ఇవి ప్రెసిడెంటుగారి తండ్రి జ్ఞాపకమన్నాడు, ఇంకొకడు వాషింగ్టన్ నుంచి మాట వచ్చేదాకా ఆగుదామన్నాడు. వాదన తెమలలేదు. పొయ్యి ఆరిపోకుండా నేను మనింటికి వెళ్ళి కుర్చీలు ఒక్కొక్కటే తెచ్చి వేశాను. మీ వదిన తలుపు పట్టుకుని అందించింది.

చివరికి చేతులెత్తారు. కాల్చకూడదని తీర్మానం. నేను ఓడిపోయాను. ఓటు ఓటే, ఒప్పుకున్నాను. తెల్లవారేదాకా కోట్లు కప్పుకుని ఆ నీలం కుర్చీల్లోనే కూర్చున్నాం. మా ఇంట్లో ఈసారి ఒక్కటీ మిగల్లేదు. మరుసటి వారం మీ వదిన లుడ్‌కే కొట్టులో సగం ధరకు ఒక నీలం కుర్చీ కొంది. ఇది రాస్తున్నది దాంట్లో కూర్చునే. ఊగదు. అందుకే నాకు కుదురు లేదు.

నువ్వు పంపిన ముక్కలు మూడు ఆ రోజు పొయ్యిలోనే వేశాను. పొట్టి కాలి ముక్క మాత్రం జేబులో ఉంచుకున్నాను. మొదట్లో ఎవరైనా అది ఏమిటంటే మా అమ్మ కుర్చీ ముక్క అనేవాణ్ణి. సరే అని మొహం తిప్పుకునేవాళ్ళు. ఇప్పుడు ప్రెసిడెంటుగారి నాన్న కుర్చీ ముక్క అంటున్నాను. ఆ మాట అనగానే టోపీలు తీస్తున్నారు, ఒకసారి పట్టుకోనిమ్మని అడుగుతున్నారు. నీమీద కోపం అక్కడే పోయింది. నేనూ నీ ఉద్యోగంలో చేరినట్టే కదా.

మొన్న గుద్రున్ ముసలమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని చెంపకు ఆనించుకుని చాలాసేపు ఏడ్చింది. "ఎంత గొప్ప మనిషి," అంది. అవును పెద్దమ్మా అన్నాను. నాన్నకు ఈ ఊళ్ళో అంత మర్యాద మునుపెన్నడూ దక్కలేదు.

వేసవిలో రా.

నీ అన్నయ్య,
ఐనార్